ఫైబరు కాలువకు లస్కరు

గెడ్డవలస, రామతీర్థం దారి,
విజయనగరం జిల్లా.
7 జూలై 2025

బావమరిది రమేష్‌బాబుకి,

మీ బావ నరసింగరావు కొంచెం కోపంతోనూ చాలా ఆకలితోనూ రాస్తున్న ఉత్తరం ఇది.

ఫోనుండగా ఉత్తరమేమిటని పోస్టుమాస్టరు నన్ను రెండుసార్లు అడిగాడు. కారణం నీకూ నాకూ తెలుసు. మొన్న మనిద్దరం నెట్టు గురించి ఫోనులో అరుచుకున్నాం కదా, ఇక్కడ నేను అరిచింది ఎవరికీ వినబడలేదు గానీ, అక్కడ నీ లాడ్జిలో నువ్వు అరిచింది మీ అక్క సంగీతం చెబుతున్న గదిలోకి పోయింది. రాయపూర్‌లో పాఠం వింటున్న పిల్ల ఒకత్తె సరళీ స్వరాలు మానేసి "నీ మొగం బావా" అని మూడు కాలాల్లో పాడిందట. అప్పటినుంచి మీ అక్క మనిద్దరికీ ఫోను బందు చేసింది. "నెట్టు గురించి మాటలుంటే కాయితం మీద రాసుకోండి. కాయితం అరవదు" అని ఆర్డరు. నాతో తనెలాగూ మాట్లాడటం లేదు. నీతోనూ మాట్లాడొద్దంటే నేను గేదెతో మాట్లాడాలి.

మీ అక్క ధనలక్ష్మి ఇల్లు విడిచి మీ అరసవల్లి వచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆమె నీకేం చెప్పిందో తెలియదు, జరిగింది మాత్రం ఇది. మా ఇంట్లో సెల్లు సిగ్నలు గడ్డిమేటు మీదకి ఎక్కితేనే వస్తుంది. ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టినప్పటినుంచి మీ అక్క రోజూ సాయంత్రం శ్రుతిపెట్టె చంకలో పెట్టుకుని నిచ్చెనెక్కేది. ఒకరోజు మంచి రాగం మధ్యలో సిగ్నలు పోయి, నోరు తెరిచింది తెరిచినట్టే బొమ్మ ఆగిపోయింది. పిల్లల తల్లి ఒకావిడ ఆ బొమ్మను ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. నేను చూసి నవ్వాను. అంతే. మీ అక్క నిచ్చెన దిగి, "మనింట్లో తెగిపోని నెట్టు వచ్చిన్నాడు వస్తాను" అని చెప్పి బస్సెక్కింది.

నవ్వడం అంత పెద్ద నేరమా?

సరే, సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు మీ అక్క కావాలి. నేను వండిన అన్నం ఒకరోజు గంజి, ఒకరోజు గులకరాళ్ళు. ఆ గొడవ కూడా వదిలెయ్, సాయంత్రం ఐదైతే గడ్డిమేటు వైపు చూసి ఇంట్లోకి వచ్చేస్తున్నాను. నువ్వు లాడ్జికి ఇప్పటికి రెండు మూడు కంపెనీల ఫైబరు మార్చిన మనిషివి. ఏ కంపెనీ ఎంత వేగం ఇస్తుంది, ఏది నమ్మొచ్చు, మా ఊరికి ఏది వస్తుంది, పోల్చి రాయి. కాలువ మీద ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరు పని చేసి, వెయ్యి ఎకరాలకి తూములు ఎత్తి దించినవాణ్ణి. ఒక్క తీగని ఇంట్లోకి తెచ్చుకోలేకపోతానా?

ఎండిన నోటితో,
నరసింగరావు

---

అరసవల్లి, శ్రీకాకుళం.
12 జూలై 2025

బావకి రమేష్‌బాబు నమస్కారం, కడుపు నిండా తిని రాస్తున్నది.

నిన్న అక్క వంకాయ మెంతికారం చేసింది. నీకు బాధ కలుగుతుందని తెలిసే రాశాను.

పోల్చి రాయమన్నావు, రాస్తున్నాను. మొదటిది పుష్పక ఫైబరు. వేగం వంద అని చెబుతారు, పొద్దున్న కొలిస్తే తొంభై ఆరు వస్తుంది. మనుషులు శుభ్రంగా టోపీలు పెట్టుకుని వస్తారు. కానీ ఆదివారం గుడికి జనం వచ్చి నా గదులన్నీ నిండాయంటే నలభైకి పడిపోతుంది. రెండోది శరవేగ నెట్టు. నూట యాభై అంటారు, నూట యాభై ఇస్తారు. దీని గొప్పతనం ఏమిటంటే ఎక్కే వేగం కూడా దిగే వేగమంతే ఉంటుంది. ఇది అర్థం చేసుకో బావా, అక్కకి కావలసింది ఇదే. నువ్వు ఏదైనా చూడాలంటే అవతలినుంచి నీ ఫోనులోకి దిగాలి. అక్క పాట పిల్లలకి వినబడాలంటే ఇక్కడినుంచి పైకి ఎక్కాలి. కంపెనీలవాళ్ళు దిగే వేగం గోడంత అక్షరాలతో రాసి, ఎక్కే వేగం చీమకి కూడా కనబడకుండా రాస్తారు. సంతకం పెట్టే ముందు రెండూ అడుగు.

మూడోది మీ వైపుదే. గోవింద్ నడిపే యమున కేబుల్ నెట్టు, యమున అతని కూతురు పేరు. యాభై ఇస్తానంటాడు, ఎంతిస్తాడో నాకు తెలియదు. చెడిపోతే మాత్రం కంపెనీకి ఫోను చేసి వాళ్ళ పాటలు వింటూ కూర్చోనక్కర్లేదు, గోవింద్ ఇంటికే పోయి తలుపు తట్టొచ్చు. నన్నడిగితే శరవేగ తీసుకో, కుదరకపోతే పుష్పక.

అక్క నాలుగో నంబరు గదిలో ఉంది. పొద్దున్నే సాధన మొదలుపెడుతుంది. మొదట్లో గెస్టులు విసుక్కుంటారేమో అని భయపడ్డాను. ఇప్పుడు "ఆ పాడే అమ్మగారి పక్క గది ఉందా" అని అడుగుతున్నారు. మా అరుణశ్రీ అయితే వంటిల్లు ఒదినగారికి అప్పజెప్పేసి కొడుకు స్కూలు పనులు చూసుకుంటోంది. అందుకని నువ్వు కంగారు పడి ఏ కంపెనీ పడితే ఆ కంపెనీ పెట్టించుకోకు. అక్క ఉంటే మాకు చాలా హాయిగా ఉంది, తొందరేమీ లేదు.

నీ మేలు కోరే
రమేష్‌బాబు

---

గెడ్డవలస,
18 జూలై 2025

మేలు కోరే బావమరిదికి,

"తొందరేమీ లేదు" అన్న వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి నీ ఉత్తరాన్ని గోడకి అంటించాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. మా పక్కింటి మరిడమ్మ చదివించుకుని, "ఇదేటి బాబూ, తమ్ముడు అక్కని పంపడా ఏటి?" అంది. నేను అనలేదు, మరిడమ్మ అంది.

నువ్వు చెప్పినట్టే పుష్పకకి ఫోను చేశాను. పిన్‌కోడు అడిగారు, చెప్పాను. గుర్తు అడిగారు, కాలువ మీద ఆరో తూము అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు వెతికి, "మీ ప్రాంతానికి త్వరలో వస్తున్నాం సార్" అంది. త్వరలో అంటే ఏ నెల అని అడిగాను. "త్వరలో సార్" అంది. వర్షాకాలమా ఎండాకాలమా అదైనా చెప్పమన్నాను. "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అంది. పెట్టేశాను.

శరవేగ కోసం నడిచి వెళ్ళాను. వాళ్ళ తీగ పెద్ద రోడ్డు పట్టుకుని రామతీర్థం జంక్షన్ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి మా ఇంటికి అరవై ఒక్క స్తంభాలు. వాళ్ళ ఆఫీసులో కుర్చీలో ఉన్నాయనకి నేను ఒక దారి చెప్పాను. జంక్షన్‌లో తూములాగా ఒకటి పెట్టి, పొలాల గట్టు మీదుగా పిల్ల కాలువ తీసినట్టు తీగ తీస్తే పదిహేను స్తంభాలు తగ్గుతాయి. గునపంతో గుర్తులు కూడా పెట్టేశాను. ఆయన నాకు టీ ఇప్పించి పంపించేశాడు.

ఇప్పుడు అర్థమయిందా? నువ్వు పొగిడిన రెండూ మా ఊరికి రానివే. వచ్చేదాన్ని మాత్రం "ఎంతిస్తాడో తెలియదు" అని చిన్నబుచ్చావు. అక్క వంకాయ కూర తింటూ ఈ పన్నాగం పన్నావని నా అనుమానం.

నీకు తెలియని ఇంకో విషయం చెబుతాను. వందా నూట యాభై అని నువ్వు లెక్కలు రాశావు గానీ, అసలు సంగతి అది కాదు. మన ఇల్లు ఎగువనుందా శివారునుందా అన్నదే అసలు సంగతి. కాలువలో ఎన్ని నీళ్ళు వదిలితే ఏం లాభం? ఎగువవాళ్ళు ముందు తోడేసుకుంటారు, శివారువాడికి తడి మాత్రం మిగులుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు శివారు రైతుల తిట్లు తిన్నది నేను. అందుకని గోవింద్‌తో మాట్లాడి, మా వీధిలో మొదటి ఇల్లు మాదే అయ్యేలా తీగ వేయించుకుంటాను. మీ అక్క కీర్తనలు శివారుకి పోనివ్వను.

అనుమానంతో,
నీ బావ

---

అరసవల్లి,
24 జూలై 2025

నరసింగరావు బావకి,

నీ ఉత్తరం చదివి ఫోను చేతిలోకి తీసుకుని, అక్క గది వైపు చూసి, మళ్ళీ పెట్టేశాను. ఫోను నిషేధం లేకపోతే నీ చెవులు ఇవాళ పనికిరాకుండా పోయేవి.

నేను పన్నాగం పన్నానా? నాలుగో గది నాకున్న వాటిల్లో గాలి బాగా వచ్చే గది. ఏడు వారాల ముందే ఆ గది అడిగినవాళ్ళున్నారు. అయినా అక్కకి ఇచ్చాను. "తొందరేమీ లేదు" అన్నది నువ్వు తొందరపడి మోసపోతావని. దాన్ని గోడకి అంటించావు. మరిడమ్మకి కూడా చూపించావు. ఇప్పుడు నేను మీ ఊరొస్తే ఆవిడ మొహం ఎలా చూడాలి?

ఫైబరు కాలువ కాదు బావా. ఒకడు తోడేస్తే రెండోవాడికి ఎండిపోవడానికి అందులో నీళ్ళు లేవు. అద్దపు పోగులోంచి వెలుతురు పోతుంది, అంతే. ఎవరింటికి రాసిన వేగం వారింటికి వస్తుంది. ఎగువా దిగువా అని గోవింద్ దగ్గర అనకు, నవ్వుతాడు. ఆ నవ్వు రామతీర్థం దాకా పాకుతుంది.

నీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. గునపం దగ్గర నవ్వింది. టీ ఇప్పించి పంపేశాడన్న చోట బాగా నవ్వింది. ఆ తరవాత, "అదంతా సరే, ఆ రోజేటన్నాడో రాసేడా?" అని అడిగింది. రాయలేదన్నాను. అప్పుడు చెప్పింది.

నువ్వు నవ్వి ఊరుకోలేదట కదా. "ఈ నాలుగు పాటలకి ఇంత తంతేటి, దిగొచ్చి అన్నం పెట్టు" అన్నావట. విజయనగరంలో సంగీతం డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక పాతికేళ్ళు నీ ఇంట్లో తంబురా మూటకట్టి అటక మీద పెట్టిన మనిషి. ఇప్పటికి పదకొండు మంది పిల్లలు దొరికారు. రూర్కెలాలో ఇద్దరు, బరంపురంలో ఒకరు, రాయపూర్‌లో ఆ "నీ మొగం" పిల్ల. ఆ పదకొండు మంది కోసం యాభై నాలుగేళ్ళ వయసులో గడ్డిమేటు ఎక్కేది. దాన్ని నువ్వు నాలుగు పాటలన్నావు.

నాకూ కోపం వచ్చింది బావా, దాచుకోను. వేగం సంగతి నువ్వూ గోవిందూ చూసుకోండి.

రమేష్‌బాబు

---

గెడ్డవలస,
9 ఆగస్టు 2025

బావమరిదికి,

నెట్టు వచ్చేసింది! అదీ మొదటి ఇంటికి!

నాలుగు పాటల మాట అన్నానో లేదో సరిగ్గా గుర్తు లేదు. ఆకలి మీదున్నాను. దాని గురించి తరవాత మాట్లాడుకోవచ్చు, ముందు ఈ విజయం విను.

గోవింద్ నిచ్చెనా తీగచుట్టా పట్టుకుని వచ్చాడు. లైను మా ఇంటి దగ్గరే మొదలవ్వాలని చెప్పాను. "మావా, ఇది నీల్లు కాదు, ఎలుతురు. ఎలుతురికి ఎగువా దిగువా ఉండదు" అన్నాడు. "ఎలుతురైనా పైనుంచే కదరా వస్తాది" అన్నాను. పెట్టె తగిలించాల్సిన స్తంభం ఎలాగూ మా ఇంటి ముందే ఉంది కాబట్టి, "సరే మావా, నువ్వే మొదలు" అని ఒప్పుకున్నాడు. ఆ పెట్టెలోంచి వీధిలో ఎనిమిది ఇళ్ళకి తీగలు పోయాయి. ఎక్కే వేగం కూడా అడిగాను, నువ్వు రాశావు కదా. రెండూ యాభై అన్నాడు.

మర్నాడు పొద్దున్న కొలిస్తే నలభై ఎనిమిది. సాయంత్రం ఆరింటికి కొలిస్తే ఎంతనుకున్నావు? పదకొండు! వీధిలో అందరూ ఇంటికొచ్చి ఒక్కసారే తెరిచారు. గోవింద్‌ని పిలిచి చూపించాను. తల గోక్కుని, "పైనుంచి నాకొచ్చిందే అంత మావా. అందరూ ఒక్కపాలే వాడితే తగ్గుతాది" అన్నాడు. మూడు దశాబ్దాలుగా నేను చెబుతున్నది ఇదే కదా? ఇప్పుడు నీ అద్దపు పోగు ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో.

లోటుంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. వంతులు పెట్టాను. అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి మరిడమ్మ గోడకి కొట్టాను. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా టీచరమ్మ వంతు, వీధిలో మిగతావాళ్ళు నెట్టు కట్టెయ్యాలి. ఏడు తరవాత అందరిదీ. డ్యూటీలో వాడిన విజిల్ పెట్టెలోంచి తీసి ఐదింటికి ఒకసారి, ఏడింటికి ఒకసారి ఊదుతున్నాను. వీధిలోవాళ్ళకి ఆ విజిల్ చప్పుడు ముప్పై ఏళ్ళ అలవాటు. వినగానే చేతులు వాటంతటవే పోయి ఫోను ఆపేస్తున్నాయి. మరిడమ్మ మాత్రం తన సీరియల్ సగంలో ఆగిందని విసుక్కుంది. తన బావిలో నీళ్ళు నేను తోడిపెడతానంటే ఒప్పుకుంది.

చివరింటి లక్ష్ముడు నీకు గుర్తున్నాడు కదా. శివారు పొలం వాడిదే. నా మీద ఇరవై పిటిషన్లు పెట్టాడు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వచ్చి, "నా సేనుకి నీల్లు రానివ్వనేదు, ఇప్పుడు నా ఇంటికి నెట్టూ రానివ్వవా? అసలు టీచరమ్మ ఇక్కడ నేదు కదా, ఎవులి కోసం కట్టేస్తన్నాము?" అన్నాడు. మీ అక్క వచ్చేటప్పటికి వీధికి అలవాటవ్వాలని ట్రయల్ వేస్తున్నానని చెప్పాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, వెళ్ళి ఫోను కట్టేశాడు.

వంతులు పెట్టాక ఆరింటికి నలభై ఏడు వస్తోంది. ఇంక తెగదు. మీ అక్కని ఏ బస్సుకి ఎక్కిస్తావు?

గర్వంతో,
నరసింగరావు, విశ్రాంత లస్కరు

---

అరసవల్లి,
18 ఆగస్టు 2025

బావకి,

ఒప్పుకున్నాను. వేగం పదకొండుకి పడిన సంగతిలో నువ్వే గెలిచావు. మా లాడ్జికి వచ్చే నెట్టు మనిషిని అడిగితే, ఊళ్ళలో చిన్న ఆపరేటర్ల దగ్గర సాయంత్రం అలాగే తగ్గుతుందన్నాడు. వంతులు పెట్టిన ఊరు మాత్రం తను ఎక్కడా వినలేదన్నాడు. మీ ఊరి పేరు రాసుకున్నాడు.

అక్కకి అంతా చదివాను. విజిల్ దగ్గర కుర్చీలోంచి లేచి గోడ పట్టుకుని నవ్వింది. అరుణశ్రీ మంచినీళ్ళు తెచ్చింది. తాగాక అక్క అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నా మీద అరవకు. "ఈదందరి నోరూ కట్టించేడు. తన నోరు ఎప్పుడు కడతాడంట?" అంది. తరవాత నిదానంగా, "నెట్టు వచ్చింది, బాగుంది. నాలుగు పాటలన్న మనిసి కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడు కదా" అంది. అన్న మాట గుర్తు లేదని నువ్వు రాసిన వాక్యం దాటేసి చదువుదామనుకున్నాను బావా, కానీ అప్పటికే కాగితం తన చేతిలో ఉంది.

అంచేత బస్సు సంగతి ఇప్పుడడక్కు. ఇక్కడ పిల్లలు కూడా పెరిగారు, పన్నెండు మంది అయ్యారు. కొత్తగా చేరినవాడి పేరు బాబీ. వయసు ఆరు అని రాశారు. కెమెరా పెట్టడు, సిగ్గట. వాడి గొంతు నువ్వు వినాలి. బురదలో దిగబడిన ట్రాక్టరు స్టార్టు చేస్తున్నట్టుంటుంది. ఆరేళ్ళవాడికి ఆ గొంతేమిటని నేను నవ్వితే అక్క నన్ను గదిలోంచి పంపేసింది. "ఆడు ఒక్క రోజు మానలేదు, ఆడి లైను ఒక్కపాలి తెగలేదు. నవ్వకు" అంది. మొత్తం క్లాసులో మాట ఆగకుండా వస్తున్నది ఆ బాబీ ఒక్కడిదేనట. వాళ్ళు ఏ కంపెనీ నెట్టు వాడుతున్నారో కనుక్కుని నీకు రాద్దామనుకున్నాను.

మనసు పాడుచేసుకోకు.

రమేష్‌బాబు

---

గెడ్డవలస,
26 ఆగస్టు 2025

రమేష్‌బాబూ,

కనుక్కోనక్కర్లేదు. యమున కేబుల్ నెట్టు. ఆ ట్రాక్టరు నేనే.

ఎవరికీ చెప్పకు. చెప్పావంటే నేను మళ్ళీ అరసవల్లి మొహం చూడను. నీ ముందటి ఉత్తరం, అదే పాతికేళ్ళు తంబురా అటక మీదుందని రాసినది, రోజూ తీసి చదివాను. మాట గుర్తు లేదని నేను రాసింది అబద్ధం. అన్నాను. అన్నప్పుడు మీ అక్క మొహం ఎలా అయిందో కూడా గుర్తుంది. నెట్టు వచ్చిన ఆనందంలో దాన్ని దాటేద్దామనుకున్నాను. అట్ట మీద టీచరమ్మ వంతు అని రాస్తుంటే, ఈ టీచరమ్మ ఏం చెబుతుందో నాకు ఒక్క ముక్క తెలియదని తట్టింది. నా ఇంట్లోనే చెప్పేది. ఐదయ్యేసరికి నేను రచ్చబండ దగ్గరికి పోయేవాణ్ణి.

ఎలా ఉంటుందో ఒక్కరోజు విందామని చేరాను. నా నంబరుతో చేరితే తెలిసిపోతుందని మరిడమ్మ ఫోను అడిగి తీసుకున్నాను. పేరు అడిగితే బాబీ అని రాశాను, ఎందుకు రాశానో నాకే తెలియదు. సంగీతం కొత్త కదా అని వయసు ఆరు వేశాను. మొదటి రోజు చెమటలు పట్టాయి. కలెక్టరు కాలువ తనిఖీకి వచ్చినప్పుడు కూడా అలా పట్టలేదు.

ఆ రాయపూర్ పిల్ల ఒక స్వరం దగ్గర తప్పుతుంది. మీ అక్క పద్నాలుగుసార్లు చెప్పింది. నేను లెక్కపెట్టాను. పద్నాలుగోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పింది. పదిహేనోసారి ఆ పిల్ల సరిగ్గా పాడింది, మీ అక్క నవ్వింది. ఆ నవ్వు నేను మా ఇంట్లో ఎన్నాళ్ళై చూడలేదో అని లెక్క వేస్తుంటే నా వంతు వచ్చింది. స అనబోయి దగ్గాను. "కంగారు పడకు బాబీ, ఊపిరి తీసుకో, నేనున్నాను కదా" అంది. మరిడమ్మ ఫోను పక్కన పెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను రా.

ని స్వరం దగ్గరికి వెళ్ళేసరికి నా గొంతు ఇప్పటికీ చీలిపోతోంది. గురువారంనాడు మాత్రం, "బాగుంది బాబీ" అంది. రిటైరైన రోజు వేసిన దండ కూడా నాకు అంత బరువనిపించలేదు.

ఇంకో చిక్కు వచ్చింది. నేను లోపల పాఠంలో ఉంటే బయట విజిల్ ఎవరు ఊదాలి? గది తలుపు దగ్గర విని లక్ష్ముడు కనిపెట్టేశాడు. నవ్వుతాడనుకున్నాను. చెయ్యి చాపి విజిల్ అడిగాడు. "నువ్వు లోపలికెల్లి సదువుకో బావా. ఈది నాను సూసుకుంతాను. ఎవడు తీస్తాడో సూస్తాను" అన్నాడు. నాకంటే గట్టిగా ఊదుతున్నాడు. మొన్న పోస్టుమాస్టరు ఫోను కూడా లాక్కున్నాడు.

మీ అక్క ఎప్పుడొస్తుందని ఇంక అడగను. అడిగే ముఖం లేదు. ఆవిడ నీ గదిలో ఉన్నన్ని రోజులూ నేను ఇక్కణ్ణుంచి పాఠం వింటాను, అంతే. నాలుగు పాటలన్నది నా తప్పు. నాకు నాలుగు స్వరాలు కూడా రావు.

బాబీ అనే
నరసింగరావు

---

అరసవల్లి,
4 సెప్టెంబరు 2025

మా బాబీ బావకి,

నీ ఉత్తరం నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకి ఇచ్చేశాను. ఇవ్వడం వేరు, చెప్పడం వేరు.

ఇప్పుడు నేను రాసేది కుర్చీలో కూర్చుని చదువు. అక్కకి మొదటి రోజే తెలుసు. నువ్వు నోరు తెరవకముందే తెలుసు. మరిడమ్మ నంబరు అక్క ఫోనులో పన్నెండేళ్ళుగా ఉంది బావా! "మరిడమ్మ పక్కిల్లు" అని పేరు పెట్టుకుంది. ఆ నంబరు మీద, పిల్లలే లేని మరిడమ్మ ఇంట్లోంచి, ఆరేళ్ళ బాబీ సంగీతానికి వస్తే అక్కకి తెలియదనుకున్నావా? నేను మాత్రం నిజంగానే నమ్మాను. అందుకే నన్ను గదిలోంచి పంపేసింది. నేను నవ్వితే నువ్వు మానేస్తావని భయపడిందట.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. "సెప్తే ఆడు ఆగిపోతాడురా. పాతికేళ్ళలో ఈ మనిసి రెండు గంటలు కదలకుండా కూకుని నా మాట ఇన్నది ఇదే మొదలు. అనుబవించనీ" అంది. బాగుంది అన్నది కూడా ఊరికే అనలేదట. గురువారం నీ స నిజంగానే బాగుందట. ని గురించి అడిగాను. "ని గురించి తరవాత సూద్దాం" అంది.

నీ ఉత్తరం మొదటిసారి నిలబడి చదివింది. రెండోసారి గది తలుపు వేసుకుని చదివింది. బయటికొచ్చి, "నాలుగు స్వరాలు కూడా రావని నిజం ఒప్పుకున్నాడు. స వచ్చింది కదా, మిగతా మూడు నాను నేర్పుకుంతాను" అని అరుణశ్రీకి వంటిల్లు అప్పజెప్పింది. అరుణశ్రీ ఏడ్చింది. నాకూ బాగాలేదు, నువ్వు గోడకి అంటించుకుంటే అంటించుకో. అక్క ఉండగా మా ఇల్లు ఎంత బాగుందో నీకెప్పటికీ చెప్పను.

ఈ కవరు మీద స్టాంపు లేదని చూసే ఉంటావు. పోస్టులో వెయ్యలేదు. బస్సెక్కిస్తూ అక్క చేతికే ఇస్తున్నాను. "ముందు ఇది సదవమంటాను. సదివినాకే లోపలికెల్తాను" అంది. అంటే నువ్వు ఇది చదువుతున్నంతసేపూ ఆవిడ ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో శ్రుతిపెట్టె పట్టుకుని నీ గుమ్మంలో నిలబడి నీ మొహమే చూస్తూ ఉంటుంది.

ఇంకా చదువుతున్నావేంటి బావా? లే, సంచీ అందుకో.

రమేష్‌బాబు